ఈ వయసులో మళ్ళీ లెక్కలేంటికి అంటున్నారు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందుకని గుర్తుపట్టగలిగే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 26 ఏళ్ళు. సొంతూరు బంగారుపాళ్యం వైపు ఒక పల్లె. నాయనకు మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. పదో తరగతిలో లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయని ఇంటర్‌కు తిరుపతిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించారు. మొదటి నెల పరీక్ష అవగానే ఆమెను చివరి సెక్షన్‌లో వేశారు. ఆ సెక్షన్‌కు సార్లు రావడమే తక్కువ. వచ్చినా బోర్డు మీద లెక్క ఎక్కించి "ఇది ఇంపార్టెంటు, బట్టీ కొట్టండి" అని వెళ్ళిపోయేవారు. రెండో ఏడాది మ్యాథ్స్ టూ బీలో 75కి 19 వచ్చి తప్పారు. సప్లిమెంటరీలో సరిగ్గా 26తో గట్టెక్కారు. "లెక్కలు నీ వల్ల కాదులేమ్మా" అని నాయన బీకాంలో చేర్చారు. ఇప్పుడు గాంధీ రోడ్డులో ఒక బట్టల దుకాణంలో అకౌంట్లు, జీఎస్టీ బిల్లులు చూస్తున్నారు. జీతం నెలకు 16,000. ఉండేది హాస్టల్లో.

పోయినేడు హాస్టల్ ఓనరుగారి కూతురికి పదో తరగతి లెక్కలు చెప్పమన్నారట. రూట్ 2ను భిన్నంగా ఎందుకు రాయలేమని ఆ పాప అడిగింది. "నాకు తెలీదు. పుస్తకం తీసి రాత్రి 11 దాకా కూర్చున్నాను. ఇంక కొట్టివేతకు వీల్లేని భిన్నంగా రాయగలం అనుకుని మొదలుపెడితే, పైదీ కిందదీ రెండూ సరిసంఖ్యలే అయిపోయి మన మాట మనకే అడ్డం తిరుగుతుందని తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది. లెక్కల్లో ఒకటి నాకు పూర్తిగా అర్థం కావడం అదే మొదటిసారేమో" అని రాశారు.

అప్పటినుంచి యూట్యూబ్‌లో కలన గణితం (కాల్క్యులస్) పాఠాలు చూస్తున్నారు. వింటుంటే అంతా అర్థమవుతుంది, పెన్ను పట్టుకుంటే చేతులు చల్లబడిపోతాయి. పాత టూ బీ పుస్తకం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వదిలేశారు. అయినా ఉద్యోగం మానేసి బీఎస్సీ మ్యాథ్స్‌లో చేరాలని ఉంది. 1,40,000 రూపాయలు దాచుకున్నారు. అమ్మ సంబంధాలు చూస్తోంది, పుత్తూరు నుంచి ఒకటి మాటల్లో ఉంది. "ఈ వయసులో మళ్ళీ లెక్కలేంటికి?" అంటోంది. అన్నేమో కోడింగ్ నేర్చుకోమంటున్నాడు. చివర్లో మూడు ప్రశ్నలు వేశారు: ఆలస్యమైపోయిందా? నాకు లెక్కలంటే నిజంగా ఇష్టమా, లేక అప్పుడు తప్పానన్న కసితో ఇలా అనుకుంటున్నానా? ఉద్యోగం మానేయాలా?

అమ్మా, మీ మూడు ప్రశ్నల్లో మధ్యదే అసలుది. దాని జవాబు మీ ఉత్తరంలోనే ఉంది.

మీలో రెండూ ఉన్నాయి. పదో తరగతి దాటి వచ్చిన పిల్లను ఒక్క పరీక్షతో చివరి సెక్షన్‌లో పడేసి, పాఠం చెప్పకుండా, చివరికి నీ వల్ల కాదని తేల్చేస్తే కసి ఉండకుండా ఎలా ఉంటుంది? ఉండనివ్వండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఆ కసి మిమ్మల్ని ఎక్కడికి లాక్కుపోతోందో చూడండి. మూడుసార్లూ టూ బీ దగ్గరికే. ఓడిపోయింది అక్కడ కాబట్టి గెలవాల్సిందీ అక్కడే అంటుంది అది. ఇష్టం మాత్రం మిమ్మల్ని పదో తరగతి పుస్తకం ముందు రాత్రి 11 దాకా కూర్చోబెట్టింది. అక్కడ పరీక్ష లేదు, మార్కుల్లేవు, ఎవరికీ నిరూపించాల్సిన పనీ లేదు. ఇన్నేళ్ళు డిగ్రీ పిల్లలకు గణితం చెప్పిన నేను ఆ ఒక్క పేరా చదివి మీకు లెక్కలు వచ్చే అవకాశం ఉందని నమ్ముతున్నాను. రూట్ 2 నిరూపణ చాలామంది రాస్తారు. మన ఊహ మనకే అడ్డం తిరిగిందని గమనించి జలదరించేవాళ్ళు తక్కువ.

టూ బీ ఎందుకు సాగడం లేదో కూడా మీకు తెలియాలి. అందులో ఉన్నది వృత్తాలు, శాంకవాలు, సమాకలనం (ఇంటిగ్రేషన్), అవకలన సమీకరణాలు. సమాకలనంలో ఒక లెక్క చెయ్యాలంటే త్రికోణమితి వేళ్ళ మీద ఉండాలి, భిన్నాలు తడబడకుండా కలపగలగాలి, బీజగణితంలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు గుర్తులు తప్పకుండా పోగలగాలి. పైగా సమాకలనమంటే అవకలనాన్ని (డిఫరెన్షియేషన్) వెనక్కి తిప్పడం. ఆ అవకలనమేమో మొదటి ఏడాది వన్ బీలోనే బట్టీ పట్టారు. అంటే మీరు చదవలేకపోతున్న పేజీలో తప్పు లేదు, దానికి ముందు వందల పేజీల్లో ఎక్కడో ఉంది. కాపు తగ్గిన చెట్టు దగ్గర మీ నాయన కాయల్ని పట్టుకుని కూర్చోరు కదా, పాదు తవ్వి చూస్తారు. మీరు వదిలేసిన చోట మొదలుపెట్టకండి, అర్థం కావడం ఎక్కడ ఆగిందో అక్కడికి వెళ్ళండి.

అదెక్కడో కనుక్కోవడానికి ఈ ఆదివారం ఒక తెల్లకాగితం, పెన్ను చాలు. ఫోను పక్కన పెట్టేయండి. నాలుగింట మూడు నుంచి ఆరింట అయిదు తీసేస్తే ఎంత? మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది? ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్‌లో మధ్యన టూ ఏబీ ఎక్కడి నుంచి వచ్చింది, బొమ్మ గీసి చూపగలరా? సైన్ 30 డిగ్రీలు సగమే ఎందుకైంది? జవాబు రావడం చాలదు. హాస్టల్ పాప అడిగితే ఎందుకో చెప్పగలగాలి. ఎక్కడ "అది అంతే" అనాల్సి వచ్చిందో అక్కడ ఆగి, ఆ తరగతి పుస్తకం తీయండి. అది ఎనిమిదో తరగతిదైనా సరే. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. మీకు అది పెద్ద వరం. తెలుగులో అర్థం చేసుకుని, అదే మాట ఇంగ్లీషులో ఎలా అంటారో పక్కనే చూసుకోవచ్చు. ముందు ముందు ఏ కోర్సులో చేరినా ఆ ఇంగ్లీషు అవసరమవుతుంది.

ఎనిమిదో తరగతి పుస్తకమా అని మీకు చిన్నతనం అనిపిస్తుంది. అది కసి మాట. ఈ వయసులో ఆ పుస్తకం మూడు వారాల్లో అయిపోతుంది, ఎందుకంటే పిల్లలకు లేనిది మీకు ఒకటుంది: ప్రశ్న వేసే అలవాటు.

ఎందుకు అనడం ఎంత తేడా తెస్తుందో ఒక్కటి చేసి చూపిస్తాను. ఎక్స్ స్క్వేర్‌కు డీవై బై డీఎక్స్, అంటే ఎక్స్ కొంచెం పెరిగితే అది ఏ రేటున పెరుగుతుందో, అడిగితే మీరు నిద్రలో లేపినా టూ ఎక్స్ అంటారు. ఎందుకు? 10 అడుగుల భుజం ఉన్న చదరం గీయండి. వైశాల్యం 100. భుజాన్ని 10.1 చేయండి. వైశాల్యం 102.01. పెరిగింది 2.01. భుజం పెరిగిన 0.1తో దాన్ని భాగిస్తే 20.1. ఇప్పుడు భుజాన్ని 10.01 మాత్రమే చేయండి. వైశాల్యం 100.2001, పెరిగింది 0.2001, 0.01తో భాగిస్తే 20.01. ఇంకా తగ్గించి 10.001 చేస్తే 20.001 వస్తుంది. అంకెలు 20 దగ్గరికి జరుగుతున్నాయి. 20 అంటే రెండు పదులు. ఇప్పుడు బొమ్మ చూడండి. చదరం పెరిగినప్పుడు కొత్తగా చేరింది రెండు సన్నటి పట్టీలు, ఒక్కొక్కటి 10 అడుగుల పొడవు, మూలన ఒక బుల్లి చదరం. టూ ఎక్స్‌లో ఆ టూ అంటే ఆ రెండు పట్టీలే. మూలన ఉన్న బుల్లి చదరమే 20 పక్కన కనిపించిన ఆ 0.1, 0.01, 0.001. పెంపు చిన్నదయ్యేకొద్దీ అది లేనట్టే అవుతోంది. అవధి (లిమిట్) అని భయపెట్టిన మాటకు అర్థం ఇదే. దీనికి కావాల్సింది గుణకారం, భాగహారం, ఒక బొమ్మ. ఇదే పద్ధతిలో ఘనం గీసి త్రీ ఎక్స్ స్క్వేర్ ఎందుకొస్తుందో మీరే కనుక్కోండి. ఈసారి పట్టీలు ఉండవు, పలకలు ఉంటాయి. ఎన్ని అన్నది నేను చెప్పను.

వీడియోల సంగతి. వింటుంటే అర్థమై, రాస్తుంటే రాకపోవడం మీ ఒక్కరి కష్టం కాదు. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తర్వాత బాగా గుర్తుచేసుకున్నారు. వారం తర్వాత అడిగితే మాత్రం, పాఠం మూసేసి గుర్తున్నది రాసుకున్నవాళ్ళే ముందున్నారు. చూడటం వల్ల వచ్చిందనిపిస్తుంది, రాయడం వల్ల వస్తుంది. అందుకని పది నిమిషాల వీడియో చూస్తే ఆపేసి, అదే లెక్క చూడకుండా రాయండి. ఆగిపోయిన చోట మాత్రమే మళ్ళీ చూడండి. రోజుకు రెండు లెక్కలు ఇలా చేసినా, రెండు గంటల పాఠం విన్నదానికంటే ఎక్కువ మిగులుతుంది.

చేతులు చల్లబడటం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకది ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపించింది. లెక్కల టెన్షన్ మీద యాష్‌క్రాఫ్ట్, కర్క్ అనే పరిశోధకులు 2001లో చూపించింది ఏమిటంటే, ఆ భయం లెక్క చేస్తున్నప్పుడు మనం మనసులో అంకెలు పట్టి ఉంచుకునే చోటునే ఆక్రమిస్తుంది. చేతికి మిగిలిన ఒకటి వేసుకుని, పై వరుస గుర్తుపెట్టుకునే పని ఉన్న లెక్కల్లోనే ఎక్కువగా తడబడతాం. కాబట్టి ఆ తడబాటును చూసి తెలివి లేదనుకోకండి. దీనికి విరుగుడుగా నా విద్యార్థులకు చెప్పేవి మూడే. కూర్చోగానే మొదటి పది నిమిషాలు బాగా వచ్చిన లెక్కలే చెయ్యడం. మనసులో ఏదీ ఉంచుకోకుండా ప్రతి అడుగూ కాగితం మీద పెట్టడం. గడియారం ఎదురుగా పెట్టుకోకపోవడం. మూడు గంటల్లో 75 మార్కులు రాయాల్సిన గది నుంచి మీరు బయటికొచ్చి తొమ్మిదేళ్ళయింది. ఒక లెక్కకు ముప్పావు గంట పట్టినా గణితంలో అది మామూలే. ఇలా రెండు మూడు నెలలు చేశాక కూడా గుండె దడ తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, కౌన్సెలర్‌ను కలవండి. అందులో తప్పేమీ లేదు.

ఇక ఆలస్యం మాట. రామానుజన్ కథ మీకు చెప్పను. ఆయన ఒక మహా ప్రతిభ, మనకు కొలబద్ద కాదు. అమెరికాలో పెర్సీ డయాకొనిస్ అని ఒకాయన ఉన్నారు. 14 ఏళ్ళకు చదువు వదిలేసి ఒక ఇంద్రజాలికుడి వెంట వెళ్ళిపోయారు, పేకముక్కల గారడీతో పొట్టపోసుకున్నారు. సంభావ్యత మీద ఒక పెద్ద పుస్తకం కొనుక్కుంటే కలన గణితం రాక అది అర్థం కాలేదు. ఆ పుస్తకం చదవగలగాలని 24 ఏళ్ళకు న్యూయార్క్‌లో సిటీ కాలేజీలో రాత్రి క్లాసుల్లో చేరారు. 1974లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ తీసుకుని, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ఆయనలా ప్రొఫెసర్ అవుతారని మీకు ఆశ పెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన దేనికి చదవాలో తేల్చుకుని వెళ్ళారు. మీ ఉత్తరంలో నాకు అదొక్కటి దొరకలేదు. బీఎస్సీ చేస్తానన్నారు గానీ దేనికో రాయలేదు. దాన్ని బట్టే దారి మారిపోతుంది.

అర్థం చేసుకోవడం కోసమే, ఆ రాత్రి లాంటి రాత్రులు ఇంకా కావాలి, అంతే అంటారా? అది పూర్తి కారణమే, దానికి డిగ్రీ అక్కర్లేదు. ఉద్యోగం చేస్తూ, పొద్దున గంటసేపు చదువుకోవచ్చు. పైస్థాయికి వచ్చాక నెట్‌లో చూడండి: ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు, ఈజ్ఞానకోశ్‌లో ఇగ్నో పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. నష్టం ఒకటే, తోడు లేకపోతే మధ్యలో ఆగిపోతారు. యూనివర్సిటీలున్న ఊళ్ళో ఉన్నారు మీరు. గణితం ఎమ్మెస్సీ చదువుతున్న ఒక అమ్మాయిని వెతికి, వారానికి ఒక గంట మాట్లాడుకోండి. పాఠం చెప్పమనకండి, మీరు రాసుకొచ్చింది దిద్దమనండి. అందుకు ఇచ్చే డబ్బు దండగ కాదు.

టీచరు కావాలని ఉందా? పాపకు చెప్పడం గురించి మీరు రాసిన తీరు చూస్తే నాకు ఆ అనుమానం వచ్చింది. అయితే డిగ్రీ తప్పదు. బీకాం మీద స్కూల్లో లెక్కల టీచరు పోస్టు రాదు, డిగ్రీలో గణితం చదివి ఉండాలి, బీఎడ్ కావాలి. మన యూనివర్సిటీల్లో గణితం ఎమ్మెస్సీకి కూడా అంతే. మీరు ఎంపీసీ పాసయ్యారు కాబట్టి బీఎస్సీకి అడ్డు లేదు, ఆ 26 మార్కులు మీకు ఇప్పుడు పనికొస్తున్నాయి. రెగ్యులర్‌గానా, దూరవిద్యలోనా అన్నది డబ్బు మీద ఆధారపడిన విషయం. దూరవిద్యలో చేరేముందు ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అనుమతి ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్‌లో మీ కళ్ళతో చూసుకోండి. మధ్యవర్తుల మాట నమ్మకండి. ఎమ్మెస్సీ దాకా పోవాలనుకుంటే ఐఐటీలకు జామ్ పరీక్ష ఉంది, దానికి వయోపరిమితి లేదు. టీచరు పోస్టులకు ఉంది గానీ 26 ఏళ్ళ మీకు ఇప్పట్లో అది అడ్డు కాదు.

మీ అన్న మాటలోనూ కొంత నిజం ఉంది, కొట్టిపారేయకండి. ఐఐటీ మద్రాసు 2021 నుంచి డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ నడుపుతోంది. జేఈఈ అక్కర్లేదు, వయసుతో పని లేదు. నాలుగు వారాల పాఠాలు వాళ్ళే చెప్పి, ఆ తర్వాత అర్హత పరీక్ష పెడతారు. అందులో గణితం, గణాంకశాస్త్రం, కంప్యుటేషనల్ థింకింగ్, ఇంగ్లీషు ఉంటాయి. పాఠాలు ఇంట్లో వినొచ్చు, పరీక్షలు సెంటరుకు వెళ్ళి రాయాలి. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గింపు ఉంది, మధ్యలో ఆపినా సర్టిఫికెట్‌తోనో డిప్లొమాతోనో బయటికి రావచ్చు. అకౌంట్లు చూసే మీకు ఉద్యోగం మారడానికి పనికొస్తుంది. కానీ ప్రతివారం అసైన్‌మెంట్లు గడువులోగా ఇవ్వాలి, అంతా ఇంగ్లీషులో ఉంటుంది, పైగా రూట్ 2 లాంటి నిరూపణలు అందులో తక్కువ. లెక్కల్లో మీకు నచ్చింది నిరూపణే అయితే, ఈ దారిలో జీతం పెరిగి మనసు నిండకపోవచ్చు. వేల రూపాయలు కట్టించుకుని ఉద్యోగం గ్యారంటీ అనే కోడింగ్ సెంటర్లకు మాత్రం వెళ్ళకండి.

ఉద్యోగం మానేస్తే ఏమవుతుందో మీ అంకెలతోనే చూద్దాం. హాస్టల్‌కు 6,000, పైఖర్చులు 3,000 అని రాశారు. నెలకు 9,000 చొప్పున 1,40,000 పదిహేను నెలలు వస్తుంది. ఫీజు ఇంకా కట్టనేలేదు. బీఎస్సీ కనీసం మూడేళ్ళు. రెండో ఏడాది మొదట్లోనే డబ్బు అయిపోయి, మామిడి ధర పడిపోయిన ఏడాది నాయన ముందు చెయ్యి చాచాల్సి వస్తే, లెక్కల మీద మళ్ళీ పాత భయమే వచ్చి కూర్చుంటుంది. అందుకని ఇప్పుడే మానేయడం నాకు ఇష్టం లేదు. ఆరు నెలలు ఉద్యోగం ఉంచుకుని కింది తరగతుల నుంచి రండి. వన్ బీ పుస్తకాన్ని అర్థం చేసుకుంటూ సగం దాటారనుకోండి, అప్పుడు పై మూడింట్లో ఏది కావాలో మీకే తెలుస్తుంది. పార్ట్ టైం అకౌంట్ల పని దొరికితే రెగ్యులర్ కాలేజీ కూడా అసాధ్యం కాదు. ఆరు నెలల్లో ఇష్టం తగ్గిపోయిందనుకోండి, ఉద్యోగమూ ఉంటుంది, డబ్బూ ఉంటుంది. అప్పుడు వదిలేసినా అది ఓడిపోవడం కాదు. ఇవన్నీ విన్నాక కూడా ఇప్పుడే చేరతానంటే అది మీ జీవితం, ఆపను. కనీసం రెండేళ్ళ ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి.

అమ్మగారికి కోపం లెక్కల మీద ఉన్నట్టు లేదు. ఉద్యోగం పోతుందని, సంబంధం తప్పిపోతుందని ఆవిడ భయం. ఉద్యోగం మానడం లేదని ముందు చెప్పేయండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది. మిగతాది పుత్తూరు సంబంధం. పెళ్ళయ్యాక చెప్పుకుందాంలే అనుకోకండి, చూపుల రోజే చెప్పండి. "చదువుకోనిస్తారా?" అని మాత్రం అడగకండి, దానికి ఎవరైనా "దానిదేముందమ్మా" అనేస్తారు. పొద్దున అయిదు నుంచి ఆరున్నర దాకా నేను పుస్తకం ముందుంటాను, ఆ టైములో కాఫీ, టిఫిను ఎవరు చూస్తారు? పరీక్షలున్న రోజుల్లో చుట్టాలొస్తే ఎలా? ఫీజు నా జీతంలోంచి కట్టుకుంటే అభ్యంతరమా? ఇలా అడగండి. అబ్బాయి ఒక్కడితో మాట్లాడేటప్పుడు అడిగి, అవే మాటలు వాళ్ళమ్మగారి ముందు కూడా ఇంకోసారి అడగండి. రెండు జవాబులూ ఒకటే అయితే అమ్మగారు సంతోషంగా తాంబూలాలు పుచ్చుకోవచ్చు. వేరైతే, ఆ తేడా ఏమిటో అమ్మగారికి మీరే చెప్పి, ఇంకో సంబంధం చూడమనండి.